అత్తగారి మాత్రలూ నా ఫోను కేకలూ

నా చిన్నప్పుడు రీఫిల్ అంటే పెన్నులోది. అయిపోతే బడి ఎదుట కొట్టుకి వెళ్ళి, పాతది చూపించి, అంతే పొడుగున్న కొత్తది కొనుక్కుని, వేళ్ళకి నీలం పూసుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. అయిదు నిమిషాల పని. కాలిఫోర్నియా వచ్చి, శాన్ రామన్‌లో ఇల్లు కొనుక్కుని, మా అత్తగారి మందుల బాధ్యత నెత్తికెత్తుకున్నాకే తెలిసింది, రీఫిల్ అంటే మనిషి ఓపిక లోతు కొలిచే సాధనమని.

ఆ బాధ్యత నాకెవరూ అప్పగించలేదు. వంట మా ఆవిడది, బట్టలు మా ఆవిడవి, టాక్సుల కాగితాలు కూడా మా ఆవిడవే. నేనూ ఏదో చేస్తున్నట్టు కనిపించాలి కదా. కుర్చీలో కూర్చుని చేసే పని ఇదొక్కటే మిగిలింది. "మీ అమ్మ మందుల సంగతి నాకొదిలెయ్" అన్నాను ఉదారంగా. ఆవిడ వెంటనే వదిలేసింది. అంత తొందరగా వదిలేసినప్పుడే అనుమానించవలసింది.

మామగారు పోయాక అత్తగారికి గ్రీన్‌కార్డు తెప్పించి మా దగ్గరికి తీసుకొచ్చాం. అంతకు చాలా ఏళ్ళ ముందే హైదరాబాదులో ఆవిడ గుండెకి ఆపరేషన్ చేసి, పాడైన కవాటం తీసేసి లోహంతో చేసింది పెట్టారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆవిడ పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని చప్పుడు వినిపిస్తుంది. గోడ మీద చూస్తే గడియారం ఉండదు. ఆ లోహం దగ్గర రక్తం గడ్డ కట్టకుండా, పలచగా ఉంచడానికి రోజూ సాయంత్రం ఏడింటికి ఒక మాత్ర వేసుకోవాలి. బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. "తిండి మానినా ఫరవాలేదమ్మా, మాత్ర మాత్రం మానకు" అన్నాడట ఆపరేషన్ చేసిన డాక్టరు. మానితే గడ్డ కడుతుంది. కట్టిన గడ్డ ఎక్కడికి పోతుందో మాకు చెప్పనక్కర్లేదు. అదే ఆపరేషన్ చేయించుకున్న మా అత్తగారి పక్క వీధి ఆవిడ ఒకరు ఒక పొద్దున కాఫీ కప్పు పట్టుకోబోతే చెయ్యి లేవలేదు.

రక్తం ఎంత పలచగా ఉందో నెలకోసారి వేలు పొడిచి చూస్తారు. ఒక అంకె వస్తుంది. మా అత్తగారికి అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డలు, పెరిగితే రక్తస్రావం. మా ఇంట్లో స్టాకు మార్కెట్ అంకెలు ఎవరూ పట్టించుకోరు గానీ ఈ అంకె వచ్చిన రోజు అందరం చుట్టూ చేరతాం.

ఇండియాలో ఉన్నప్పుడు ఈ మాత్రల వ్యవహారం చాలా తేలిక. ఖాళీ అయిన స్ట్రిప్పే ప్రిస్క్రిప్షన్. మందుల షాపుకి వెళ్ళి ఆ రేకు చూపిస్తే, షాపాయన చూసీ చూడకుండానే "పది ఇవ్వనా పెద్దమ్మగారూ, ఇరవయ్యా" అని కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడట. అందుకని మా అత్తగారు ఇక్కడికి వచ్చేటప్పుడు ఆరు నెలల మాత్రలతోపాటు ఒక ఖాళీ స్ట్రిప్పు కూడా భద్రంగా హ్యాండ్‌బ్యాగులో తెచ్చుకున్నారు. ఆ ఆరు నెలలూ అయ్యాక దాన్ని కూతురి చేతికిచ్చారు. కూతురు నా చేతికిచ్చింది. నేను వెళ్ళి ఫార్మసీ అమ్మాయి చేతికిచ్చాను. ఆ అమ్మాయి రేకుని అటూ ఇటూ తిప్పి, "ఇందులో మందు లేదు" అంది.

"అందుకే వచ్చాను" అన్నాను.

అక్కడ మొదలైంది నా విద్యాభ్యాసం.

తెలుసుకున్నదేమిటంటే, డబ్బీ మీద రీఫిల్స్ అని ఒక గడి ఉంటుంది. అందులో అంకె ఉంటే రాజయోగం. మా అత్తగారి డబ్బీ మీద ఎప్పుడూ సున్నాయే. డోసు మారుతూ ఉండే మందు కాబట్టి నెలకి మించి ఇవ్వరు. సున్నా ఉంటే ఫార్మసీవాళ్ళు డాక్టరు ఆఫీసుకి ఫాక్స్ పంపాలి. ఆఫీసులో నర్సు దాన్ని చూడాలి, పోయిన రక్తపరీక్ష చూడాలి, డాక్టరుకి చూపించాలి, ఆయన సంతకం పెట్టాలి, తిరిగి ఫాక్స్ పంపాలి. ఆ యంత్రానికి ఫాక్స్ అని పేరు పెట్టినవాడు ముందుచూపున్నవాడు. నక్కకున్న జిత్తులన్నీ దానికి ఉన్నాయి. ఇటునించి పంపామంటారు, అటు రాలేదంటారు, మధ్యలో ఏ పొదలో దూరుతుందో తెలియదు.

"రెండుసార్లు ఫాక్స్ చేశాం సర్. డాక్టర్ ఆఫీస్ రెస్పాండ్ అవ్వలేదు" అని ఫార్మసీ.

"మాకు ఏ ఫాక్సూ రాలేదు సర్. మళ్ళీ చెయ్యమనండి" అని డాక్టరు ఆఫీసు.

"మీ ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారండీ. నేను నడిచి తీసుకొచ్చి ఇస్తాను, ఆ కాగితం నా చేతికివ్వండి."

"అలా కుదరదు సర్. డెబ్బై రెండు గంటలు టైమివ్వండి."

మూడు రోజులు అనరు. డెబ్బై రెండు గంటలంటారు. అవీ ఆఫీసు గంటలు. శని, ఆదివారాల్లో గంటలు కొట్టవు. మా ఊరి పెద్దాసుపత్రిలో ఓపీ ఉండేది. ఇక్కడ దానికి ఒక అక్షరం కలిపి ఓపిక అన్నారు.

ఇక ఫోను. ముందు యంత్రం మాట్లాడుతుంది. ఒకటి నొక్కు, మూడు నొక్కు, పుట్టిన తేదీ నొక్కు. తర్వాత సంగీతం. మనిషి గొంతు వినబడాలంటే "రిప్రజెంటేటివ్" అనాలి. నా ఉచ్చారణ దానికి అర్థం కాదు. నూటెనిమిది సార్లు జపించినా ప్రత్యక్షం కాడు. నేను ఫోను స్పీకర్‌లో పెట్టి, డైనింగ్ టేబుల్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ, ఎడమచెయ్యి గాల్లో ఊపుతూ, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వంతులవారీగా అరిచేవాణ్ణి. యంత్రాన్ని తెలుగులోనే తిట్టేవాణ్ణి, దానికి అదీ అర్థం కాదు కాబట్టి. అందులో నాకు కాస్త సంబరం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. శనివారం స్నేహితుల ఇళ్ళకి వెళ్తే ఈ ఘట్టం అభినయించి చూపించేవాణ్ణి. బాగా నవ్వేవారు.

నేను ఫోను అందుకోగానే చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న మా అత్తగారు పళ్ళెం తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయేవారు. అల్లుడి ముందు కూర్చోకూడదన్న మర్యాద కాబోలు అనుకునేవాణ్ణి. ఆవిడ కాలంలో, ఆవిడ ఇంట్లో, అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడరు. నేను మూరెడు దూరంలో కూర్చుని ఉన్నా సరే, కూతురితోనే అనేవారు.

"అమ్మాయ్, మాత్రలు నిండుకున్నాయని అల్లుడుగారితో చెప్పు."

"ఆయన ఇక్కడే ఉన్నారమ్మా, నువ్వే చెప్పు."

"చెప్పవే, పాపం మళ్ళీ ఆ ఫోను పట్టుకోవాలి."

ఆ 'పాపం' నా చెవిన పడింది. జాలి కదా, పుచ్చుకున్నాను.

అలా ఏడాది గడిచాక ఒక అద్భుతం జరిగింది. నెల తిరిగింది, మాత్రలు నిండుకున్నాయన్న కబురు రాలేదు. ఇంకో వారం చూశాను. రాలేదు.

"మీ అమ్మ మాత్రలు ఇంకా ఉన్నాయేమో అడుగు" అన్నాను మా ఆవిడతో.

"అమ్మా, మాత్రలున్నాయా?"

"ఉన్నాయున్నాయి. తొందరేం లేదని చెప్పు" అని గదిలోంచి జవాబు.

ముప్పై మాత్రల డబ్బీ నలభై రోజులొచ్చింది. లెక్క తెలిసిన ఏ మనిషైనా ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని కాబట్టి ఆలోచించలేదు. ఫార్మసీవాళ్ళు పొరపాటున పది ఎక్కువ పోసుంటారని సరిపెట్టుకున్నాను. ద్రౌపదికి అక్షయపాత్ర, మా అత్తగారికి అక్షయమాత్ర అని ఆ శనివారం ఒక ఛలోక్తి కూడా వేశాను.

తర్వాతి వారం పరీక్షలో అంకె రెండు పాయింట్ ఒకటికి దిగింది.

డాక్టరు ఆఫీసు నర్సు ఫోన్ చేసింది. మాత్రలేమైనా మిస్ అయ్యారా అని అడిగింది.

"లేదు" అన్నాను. అడగవలసిన మనిషి పక్క గదిలో ఉన్నారు. నేను అడగలేదు. మా ఇంట్లో ఇంత క్రమశిక్షణగా మందులు నడిపిస్తున్న నన్ను పట్టుకుని ఈ ప్రశ్నేమిటన్న పౌరుషంతో చెప్పాను.

"అయితే ఆకుకూరలు ఎక్కువ తింటున్నారేమో చూడండి. అవి ఈ మందుకి పడవు."

చూడటానికేముంది. పెరట్లో పది కుండీల గోంగూర మమ్మల్నే చూస్తోంది. మా ఆవిడ ఆ సాయంత్రమే దాన్ని పీకి పారేసింది. తోటకూర, బచ్చలి, మెంతికూర, చారులో కొత్తిమీర, ఒకటేమిటి, ఆకుపచ్చగా ఉన్నదల్లా ఇంట్లోంచి బహిష్కరణ. నా గ్రీన్ టీ కూడా పోయింది, తాగేది నేనే అయినా. అనుమానం వచ్చాక మా ఆవిడ ఎవరినీ వదలదు.

డాక్టరు డోసు పెంచాడు. వారంలో రెండు రోజులు ఒకటిన్నర మాత్ర వేసుకోవాలి. డోసు మారితే కొత్త ప్రిస్క్రిప్షన్. కొత్త ప్రిస్క్రిప్షన్ అంటే ఫోను. ఈసారి ఇన్సూరెన్సువాళ్ళు కూడా కలిశారు: పాత డబ్బీలో మాత్రలు ఇంకా ఉండాలి కదా, ఇంత త్వరగా కొత్తవి ఎందుకని. మూడు చోట్లకి, రెండు రోజులు. ఆ రెండు రోజులూ నేను వేసిన కేకలకి పక్కింటి కుక్క మొరగడం మానేసింది. అత్తగారు గది తలుపు వేసుకున్నారు.

మూడు వారాల తర్వాత అంకె ఇంకా దిగింది. ఒకటి పాయింట్ ఎనిమిది.

ఇప్పుడు నర్సు గొంతు మారింది. "సర్, ఇలా ఉంటే స్ట్రోక్ రావచ్చు. వచ్చేవారం మళ్ళీ తీసుకురండి. ఇంకా తగ్గితే రోజుకి రెండుసార్లు పొట్టలో ఇంజెక్షన్లు ఇవ్వాలి."

ఇంట్లో ఎవరం ఆ మాట పైకి అనలేదు. మా ఆవిడ పొద్దున్నే తల్లికి కాఫీ ఇచ్చి, కప్పు అందుకునేదాకా ఆ చెయ్యి వైపే చూస్తూ నిలబడేది. నేను ఫార్మసీకి వెళ్ళి ఈ మాత్రలు అసలువేనా అని అడిగి, అక్కడి పెద్దమనిషికి కోపం తెప్పించి వచ్చాను. వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా మీదా చిన్నక్షరాలు చదివాం. ఆకు అన్నది లేదు. డోసు పెరిగింది. అంకె దిగుతోంది. ఎలా?

ఆ వచ్చేవారమే మా ఆవిడ ఆఫీసు పనిమీద రెడ్‌మండ్ వెళ్ళవలసి వచ్చింది. మానేస్తానంది. "నేను లేనూ" అన్నాను. ఆ మాటతో ఆవిడ బెంగ ఏమీ తగ్గినట్టు కనిపించలేదు గానీ వెళ్ళింది.

పరీక్షకి నేనే తీసుకెళ్ళాను. అత్తగారు అల్లుడి పక్కన ముందు సీట్లో కూర్చోరు. వెనక కూర్చున్నారు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని. దారి పొడుగునా ఇద్దరం మాట్లాడుకోలేదు. అనువాదకురాలు రెడ్‌మండ్‌లో ఉంది కదా.

క్లినిక్‌లో నర్సు కొత్తావిడ. కళ్ళజోడుకి గొలుసు. వేలు పొడిచి, చిన్న యంత్రంలో చుక్క వేసి, ఒకటి పాయింట్ అయిదు అంది.

"డోసులేమైనా మిస్ అయ్యారా?"

"లేదు" అన్నాను అలవాటుగా.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నేను ఆమెని అడిగాను."

"ఆవిడకి ఇంగ్లీష్ రాదు. నేను చెప్తాను."

"మీరు ఆమెని అడగలేదు కదా. నేను అడిగింది మీరు ఆమెకి చెప్పలేదు. మీరే జవాబిచ్చారు."

నిజమే. ఏడాదికి పైగా అదే చేస్తున్నాను. ఆ సంగతి ఇంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు.

ఆవిడ గోడ మీది ఫోను తీసి ఏదో నంబరు నొక్కి, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంది. విచిత్రం, రెండే నిమిషాల్లో మనిషి వచ్చింది. ఇన్నాళ్ళూ మనిషి కోసం నేను జపం చేశాను. స్పీకర్‌లో ఒకమ్మాయి గొంతు.

"అమ్మా, నమస్తే. నేను మధ్యల మాట్లాడేదాన్ని. మీరు ఏం చెప్తే అది ఉన్నదున్నట్టు నర్సమ్మకి చెప్తా. మీ ముచ్చట బయట ఎవరికీ చెప్ప."

అత్తగారు ఆ ఫోను వైపు తిరిగి సర్దుకుని కూర్చున్నారు. నా వైపు వీపు వచ్చింది. "ఏ ఊరమ్మా మీది?" అన్నారు.

"అది చెప్పొద్దమ్మా మేము. గోళీలు రోజూ ఏసుకుంటున్నరా అని అడుగుతున్నది నర్సమ్మ. ఎప్పుడన్న మర్శిపోతున్నరా?"

"మర్చిపోవడం ఏముంది తల్లీ. బాగా గుర్తే. మంగళవారం, శనివారం వేసుకోను."

ఇంగ్లీషులో చెప్పింది ఆ అమ్మాయి. నర్సు కలం ఆగింది. నేను కుర్చీలో ముందుకి వంగాను.

"ఎందుకు ఏసుకోరు?"

"ఆ రెండు రోజులూ ఎలాగూ ఒక్కపొద్దు ఉంటాను. మాత్రకీ ఒక్కపొద్దే అనుకున్నా. ఈ మధ్య గురువారం కూడా మానేశా."

"ఒంట్లో ఏమన్న తేడా చేస్తున్నదా గోళీతోని?"

అత్తగారు గొంతు తగ్గించారు. ఆ గది ఎంత చిన్నదంటే గొంతు తగ్గించినా ఎక్కడికీ పోదు.

"తేడా ఏం లేదమ్మా. మా అల్లుడు బంగారం. కానీ మాత్రలైపోయినప్పుడల్లా ఆ ఫోను పట్టుకుని రోజంతా వాళ్ళతో వీళ్ళతో పోట్లాట. మొహం కందగడ్డ అయిపోతుంది. ఆ అరుపులకి అతనికి ఏమైనా అయితే మా అమ్మాయి గతేం కాను? నాకా, వయసైపోయింది. నాలుగు మాత్రలు మిగిలితే నాలుగు రోజులు ఆ ఫోను గొడవ వెనక్కి పోతుంది కదా అని. ఇది మటుకు మా అల్లుడితో చెప్పకు తల్లీ."

ఆ అమ్మాయి, వాళ్ళ వృత్తి పద్ధతి ప్రకారం కాబోలు, 'నేను' అంటూనే ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. అంటే మా అత్తగారే ఒక్కసారిగా ఇంగ్లీషులో మాట్లాడినట్టుంది: నా అల్లుడు మంచివాడు, మందు కోసం చాలా అరుస్తాడు, అతని ఆరోగ్యం గురించి నాకు భయం, అందుకని మాత్రలు పొదుపు చేస్తున్నాను. చివరి వాక్యం కూడా వదలలేదు: దయచేసి ఇది నా అల్లుడికి చెప్పవద్దు.

నర్సు నా వైపు తిరిగింది. "ఆ అల్లుడు మీరేనా?"

"ఒక్కణ్ణే" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించింది. వారానికి ఏడు రోజులు వేసుకుంటున్నారనుకుని మేం డోసు పెంచాం. ఆమె నాలుగు రోజులే వేసుకుంటోంది. మీలో ఎవరైనా ఆమెని పక్కన కూర్చోబెట్టి, పెంచిన డోసు ఏడు రోజులూ వేయించి ఉంటే, అంకె ఎక్కడికి పోయేదో తెలుసా, తలలో రక్తం కారినా ఆశ్చర్యం లేదు. నాకు ఆ కాగితం మీద అంకెలు కనిపించడం మానేశాయి. స్నేహితుల ఇంట్లో నేను అభినయించి నవ్వించిన ఘట్టానికి టిక్కెట్టు ఎవరు కొన్నారో తెలిసింది.

డాక్టరు వచ్చాడు. పాత డోసుకే వెళ్దామన్నాడు, రోజూ తప్పకుండా. అంకె ఎక్కేదాకా ఇంజెక్షన్లు మాత్రం తప్పవన్నాడు, ఇవాళ సాయంత్రం నుంచే. పొట్టలో ఎవరు పొడవాలి? నర్సు నన్ను చూసింది. నేను గోడని చూశాను. అత్తగారి పొట్టకి అల్లుడు సూది గుచ్చడమన్నది మా వంశాల్లో ఎవరూ ఊహించని సన్నివేశం. ఫోనులోని అమ్మాయి ఈ సంగతి చెప్పగానే అత్తగారు, "అతనెందుకమ్మా, నేనే పొడుచుకుంటా. ఎలాగో చూపించమను" అన్నారు. చూపించారు. రెండోసారికే ఆవిడ తన చేత్తో చేసి చూపించారు, పూలు గుచ్చే సూది పట్టుకున్నట్టు.

అంతా బాగానే ఉంది. ఇంజెక్షన్లు ఫార్మసీకి పంపించామన్నారు. కారెక్కి ఫార్మసీకి వెళ్ళేసరికి అవి రాలేదన్నారు.

కారు పార్కింగులో ఆపి ఫోన్ తీశాను. వెనక సీట్లో అత్తగారు. ఏడింటికి మొదటి సూది పడాలి. అప్పుడు నాలుగున్నర. డాక్టరు ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. నా జీవితంలో అరవడానికి ఇంతకన్నా న్యాయమైన సందర్భం రాలేదు, అరవడానికి వీల్లేదు. యంత్రం ఒకటి నొక్కమంది, నొక్కాను. పుట్టిన తేదీ అడిగింది, ఇచ్చాను. నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అంది.

"రిప్రజెంటేటివ్, ప్లీజ్" అన్నాను, పసిపిల్లకి ఉగ్గు పడుతున్నట్టు.

ఎట్టకేలకు మనిషి వచ్చింది. ఫాక్స్ వెళ్ళిందంది. "చాలా సంతోషం. ఇంకొక్కసారి పంపగలరా? మీకు శ్రమ" అన్నాను. హోల్డ్‌లో పెట్టింది. లైను తెగిపోయింది. స్టీరింగు మీద నుదురు ఆనించి, అద్దంలో కనబడుతుందేమోనని మళ్ళీ ఎత్తి, చిరునవ్వు పెట్టుకుని, మళ్ళీ మొదటినుంచి నొక్కాను. ఇంకో మనిషి. మళ్ళీ చెప్పాను. తియ్యగా చెప్పాను. దవడలు నొప్పెట్టాయి.

వెనక నుంచి మాట వినిపించింది.

"బాబూ, మీకు ఒంట్లో బాగానే ఉందా?"

పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో మా అత్తగారు నాతో నేరుగా అన్న మొదటి మాట అది. వెనక్కి తిరిగాను.

"బాగానే ఉందండీ అత్తయ్యగారూ."

"కాదు, మీ గొంతు చూస్తే భయంగా ఉంది. ఆ కోపం అంతా లోపలికి మింగితే ఇంకా చేటు. మామూలుగా మాట్లాడండి."

"మామూలుగా మాట్లాడితే మీరు మాత్రలు మానేస్తున్నారుగా."

ఆవిడ సంచీ పిడి సర్దుకున్నారు. కిటికీలోంచి ఎవరో బండి తోసుకెళ్తుంటే చూశారు.

"ఆ పిల్ల చెప్పేసిందన్నమాట, చెప్పొద్దన్నా."

"నేనక్కడే ఉన్నానండీ. మీరు తెలుగులోనే చెప్పారు."

"అవును కదూ" అన్నారు. కిటికీ వదిలి నా వైపు తిరిగి, "సరే, ఒక పని చేద్దాం. మీరు అరవండి. నేను తలుపేసుకుంటా. మాత్ర మాత్రం మానను. మీరూ ఈ తియ్యగా మాట్లాడ్డం మానండి" అన్నారు.

నేను ఫోను వైపు తిరిగి ఇంగ్లీషులో, నా అసలు గొంతుతో, అయిదింటికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుందనీ, ఈలోగా ఆ కాగితం ఫార్మసీకి చేరకపోతే ఇదే ఫోనులో రేపు పొద్దుటిదాకా ఉంటాననీ చెప్పాను. వెనక సీట్లో ఏ చలనమూ లేదు. ఆరున్నరకి ఇంజెక్షన్లు చేతికొచ్చాయి. అరిచినందుకే వచ్చాయని చెప్పలేను. రెండో ఫాక్స్ ఎలాగూ దారిలోనే ఉందట.

ఆ రాత్రి ఫోనులో మా ఆవిడకి అంతా చెప్పాను. "నేనూ అడగలేదు కదండీ. ఉన్నాయా అని అడిగానే గానీ వేసుకున్నావా అని అడగలేదు" అంది. నన్ను తిడుతుందని సిద్ధపడి ఉన్నాను. తిట్టినా బాగుండేది.

పదో రోజుకి అంకె రెండు పాయింట్ ఏడుకి ఎక్కింది. ఇంజెక్షన్లు ఆపేశారు.

నెల తిరిగింది. డబ్బీ మీద సున్నా. ఫాక్స్ వెళ్ళింది, రాలేదు. డెబ్బై రెండు గంటలు. నేను కేకలు వేశాను. తలుపు పడింది. అరగంటకి తలుపు కొంచెం తెరుచుకుంది.

"అయిందా?"

"లేదండీ. సోమవారం అంటున్నారు."

ఆ వేళ శుక్రవారం. ఏడయింది. అత్తగారు హాల్లోకి వచ్చి, నా ఎదుట సోఫాలో కూర్చుని, డబ్బీ మూత తీసి అరచేతిలోకి వంచుకున్నారు. నాలుగు మాత్రలు దొర్లాయి. ఒకసారి వాటిని చూశారు. ఒకసారి నన్ను చూశారు.

"నాలుగే ఉన్నాయి బాబూ."

"వేసుకోండి అత్తయ్యగారూ" అన్నాను.

మూడు డబ్బీలో వేసి, ఒకటి నోట్లో వేసుకుని, మంచినీళ్ళు తాగారు.